పాలకాయతిప్ప పోస్టు, అయిదు కుక్కపిల్లలు

పాలకాయతిప్ప దగ్గర ట్రక్కు దిగేసరికి ఉదయం పదకొండు ఇరవై. నవంబరు మొదటి వారం. ముందు రోజు వానకు దారంతా బురద. మచిలీపట్నంలో ఆరున్నరకు బయలుదేరి, మోపిదేవి దాటి, కోడూరులో టీ తాగి వచ్చాం. ఎదురుగా సముద్రం. వెనక సరుగుడు తోట. మధ్యలో మా పోస్టు: ఇసుక బస్తాల బంకరు ఒకటి, రెండు టెంట్లు, జనరేటరు పాక, యాంటెన్నా స్తంభం. గాలి ఆగేది కాదు. అన్నంలో ఇసుక, చెవుల్లో ఇసుక.

ఊళ్లోవాళ్లు నా సర్వీసు గురించి అడిగితే మంచుకొండల సంగతి చెప్పమంటారు. ఆ కొండల మీద రెండేళ్లున్నాను. అక్కడ సిగ్గుపడాల్సిన పని ఏదీ చేయలేదు. చేసింది ఇక్కడ. మా గుడివాడకు బస్సు మీద మూడు గంటల దూరంలో.

పని చిన్నదే. కొత్త వైర్‌లెస్ సెట్ల పరీక్ష. ఏడు వారాలు. గంటకోసారి మచిలీపట్నంలోని కంట్రోల్‌తో మాట్లాడి, మాట ఎంత స్పష్టంగా వినిపించిందో రాసుకోవాలి. మేం ఆరుగురం. మా హవల్దారు హర్యానా మనిషి. నేను ఆయన కింది హోదాలో నాయక్‌ని, కాపలా నా బాధ్యత. సెట్ ఆపరేటరు నాకంటే ఆరేళ్లు చిన్న. నాగాయలంక వాడు. పోస్టు నుంచి వాళ్ల ఇల్లు దగ్గరే. భార్యకు ఎనిమిదో నెల. మేమిద్దరమే తెలుగువాళ్లం కాబట్టి మొదటి రోజే అన్నా అని పిలవడం మొదలుపెట్టాడు.

పదకొండో రోజు ఉదయం జనరేటరు పాకలో డీజిల్ క్యాన్ల వెనక కూత వినిపించింది. వంగి చూశాను. గోధుమరంగు ఊరకుక్క. దాని పొట్ట దగ్గర ఆరు పిల్లలు. ఇంకా తడి ఆరలేదు. నేనే మొదట చూశాను. ఈ మాట ఆ తర్వాత చాలామందితో చాలాసార్లు అన్నాను. పప్పులో నానబెట్టిన రొట్టె తెచ్చిపెడితే తల్లి నా చేతిలోంచే తింది. రెండో రోజుకి ఒక పిల్ల పోయింది. అయిదు మిగిలాయి.

పిల్లలు పుట్టిన నాలుగో రోజు ఉదయం ఐదూ నలభైకి తల్లి తోట అంచున పడి ఉంది. ముందు కాలు వాచి నల్లబడింది. రక్తపింజర కాటు. అప్పటికే చల్లబడిపోయింది.

హవల్దారు అందరినీ పిలిచాడు. "పెంచుతారా, వదిలేస్తారా? పెంచితే డ్యూటీ చెడకూడదు. అంతే."

పెంచుతామని మొదట అన్నది నేనే.

అవనిగడ్డ పశువుల డాక్టరుగారు ఫోన్లో చెప్పారు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. రెండు గంటలకోసారి పాలు. మేకపాలైతే మంచిది. గోరువెచ్చగా ఉండాలి. సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా పట్టాలి. తాగాక తడిగుడ్డతో కింద రుద్దాలి, లేకపోతే ఉచ్చ కూడా పోసుకోలేవు. ఎప్పుడూ వెచ్చగా ఉంచాలి. చివర ఒక మాట గట్టిగా చెప్పారు.

"బోర్లా పట్టుకుని పట్టండి. చంటిపిల్లల్లా వెల్లకిలా వద్దు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పోతే నేను కూడా ఏం చేయలేను."

దీని కింద రెండు గీతలు గీశాను.

మేకపాలు ఇచ్చింది పక్క పల్లెలో చేపలమ్మే ఒకామె. మేమందరం పిన్నీ అనేవాళ్లం. పొద్దున్నే సీసాలో తెచ్చేది. పిల్లల్ని ఉంచిన అట్టపెట్టెలోకి తొంగిచూసి ఒకరోజు అంది, "తల్లిలేని పిల్లలు నాయనా. రోజుకో చెయ్యి మారితే తాగవు. ఎవరో ఒకరే పట్టండి."

ఆ ఒక్కరినీ నేనే అనుకున్నాను. కానీ నా డ్యూటీ బయట. నాలుగు గంటలు కాపలా, రెండు గంటలు విశ్రాంతి. గాలిలో, ఇసుకలో. ఆపరేటరు డ్యూటీ బంకర్లో, స్టూలు మీద. సెట్ వేడికి అక్కడ వెచ్చగా ఉండేది. పెట్టెను వాడి కాళ్ల దగ్గరికి మార్చమని హవల్దారే చెప్పాడు. సబబైన ఆర్డరే. మూడు రోజుల్లో పిల్లలు వాడి చేతికి అలవాటు పడ్డాయి.

నేను పట్టబోతే మెలికలు తిరిగేవి. సిరంజి నోట్లో పెడితే నాలుకతో తోసేవి. నా చేతులు చల్లగా ఉన్నాయేమోనని టీ గ్లాసుకు అదిమిపెట్టుకుని వెచ్చచేసుకుని వెళ్లేవాడిని. అయినా కీచుమనేవి. "ఇటివ్వన్నా," అని వాడు చెయ్యి చాపేవాడు. వాడి అరచేతిలో పడగానే అరుపు ఆపి చప్పరించేవి. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో సెట్.

"కంట్రోల్, ఇది పోస్టు. మాట స్పష్టం. అంతా బాగుంది. ఓవర్."

"పోస్టు, ఆ కీచు శబ్దం ఏంటి? లైన్లో లోపమా? ఓవర్."

"లోపం కాదు సార్. ఆకలి. ఓవర్."

కంట్రోల్లో నవ్వు వినిపించింది. బంకర్లో అందరూ నవ్వారు. నేను హెల్మెట్ పట్టీ బిగించుకుని బయటికి వచ్చేశాను.

మర్నాడు హవల్దారు దగ్గరికి వెళ్లాను. "సాబ్, ఆపరేటరు సెట్ దగ్గర కుక్కపిల్లల్ని ఆడిస్తున్నాడు."

"కాల్ ఏదైనా తప్పిందా?"

"లేదు సాబ్."

"మరి నీకేంటి బాధ?"

అప్పుడు ఆ బాధకు నేను పెట్టుకున్న పేరు క్రమశిక్షణ. అసూయ అన్న మాట చాలా ఆలస్యంగా తోచింది.

పిల్లలు పుట్టిన పదమూడో రోజు కళ్లు తెరుస్తాయని డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు నా కాపలా పన్నెండింటికి ముగిసింది. పరుగెత్తుకుని వెళ్లేసరికి ఆపరేటరు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. అన్నిటికంటే చిన్నది, తోక చివర తెల్లగా ఉండేది, కళ్లు విప్పి వాడి మొహం కేసి చూస్తోంది.

"రా అన్నా రా! ఇప్పుడే విప్పింది. నన్నే చూస్తోంది చూడు!"

చూశాను. బాగుందన్నాను. నా భార్యకు రెండుసార్లు కడుపు పోయింది. పెళ్లయి అప్పటికి ఏడేళ్లు. వాడికి ఇంకో నెలలో బిడ్డ. ఇవి కూడా వాడివేనా అనిపించింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు.

పదహారో రోజు ఉదయం ఏడింటికి వాడికి ఫోన్ వచ్చింది. భార్యకు నెల ముందే నొప్పులు. అవనిగడ్డ ఆస్పత్రిలో చేర్చారు. హవల్దారు నలభై ఎనిమిది గంటలు సెలవిచ్చాడు. వాడు బూట్ల లేసులు కట్టుకుంటూనే చెప్పాడు. "అన్నా, ఆ తెల్లతోకది మెల్లగా తాగుద్ది. తొందరపెట్టకు. కోపంలేకుండా పట్టు. నువ్వుంటే నాకు బెంగలేదు."

'కోపంలేకుండా' అన్నాడు. అంటే నా సంగతి వాడికి తెలుసు. అదింకా మండించింది.

సెట్ దగ్గర ఇంకొకడిని కూర్చోబెట్టి, పెట్టెను నా టెంటులోకి తెచ్చుకున్నాను. ఎనిమిదింటి పాలు నాలుగు పిల్లలు తాగాయి. పేచీలు పెడుతూనే తాగాయి. తెల్లతోకది తాగలేదు. పదింటికి మళ్లీ ప్రయత్నించాను. బోర్లా పట్టుకుంటే గోళ్లతో గీరింది. తల తిప్పేసుకుంది. ఎవరికోసం వెతుకుతోందో నాకు తెలుసు.

అప్పుడు దాన్ని వెల్లకిలా తిప్పి మోచేతి వంపులో పడుకోబెట్టుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను. చంటిబిడ్డను అలాగే కదా పట్టుకుంటారు. అది ఒక్కసారిగా ఊరుకుంది. నీలం పొర తొలగని ఆ కళ్లతో నన్ను చూసింది. పదహారు రోజుల్లో మొదటిసారి. డాక్టరుగారి మాట గుర్తులేదని చెప్పను. గుర్తుంది. ఒక్కసారికి ఏమవుతుందనుకున్నాను. అది అలా చూస్తుండగానే సిరంజి నొక్కాను. కొంచెం ఎక్కువే నొక్కాను.

దగ్గింది. ముక్కులోంచి పాలు బుడగలుగా వచ్చాయి. తలకిందులు చేసి పట్టుకున్నాను. వీపు రుద్దాను. గుడ్డతో తుడిచాను. ఊపిరి గురగురమంటోంది. ఫోన్ జేబులోనే ఉంది. డాక్టరుగారికి చేస్తే ఎలా పట్టుకున్నారని అడుగుతారు. చెయ్యలేదు. దాన్ని చొక్కాలో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. పన్నెండింటికి మిగతా నాలుగింటికీ పాలు పట్టాను. రెండింటికి పట్టాను. నాలుగూ పదికి చొక్కాలో కదలిక ఆగిపోయింది.

మూడో రోజు ఉదయం ఆపరేటరు మిఠాయి పొట్లంతో వచ్చాడు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. అందరికీ పంచి, నవ్వుతూ పెట్టె దగ్గరికి వెళ్లాడు. వేలితో లెక్కపెట్టాడు. నా వైపు చూశాడు.

"ఎలా పోయిందన్నా?"

"మొదట్నుంచీ నీరసంగానే ఉంది కదా," అన్నాను.

పోయిన రోజే దాన్ని గోనెగుడ్డలో చుట్టి పాక నీడన ఉంచాను. వాడు వచ్చాకే పాతిపెడదామని హవల్దారు అన్నాడు. వాడు గుడ్డ విప్పాడు. ముక్కు దగ్గర ఎండిన తెల్లటి చారను బొటనవేలితో తుడిచాడు.

"వెళ్లేముందు పాలు నేనే చిక్కగా కలిపినట్టున్నాను. నాదే పొరపాటన్నా."

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. పార తీసుకుని గుంట తవ్వాను.

ఆ రోజు నుంచి పెట్టె జోలికి పోలేదు. ఎవరి కాపలా అయినా నేనే చేస్తానన్నాను. పిల్లలు నడక నేర్చాయి. పళ్లెంలో పాలు నాకడం నేర్చాయి. గంజన్నం తిన్నాయి. వంటవాడి చెప్పులు కొరికాయి. దూరం నుంచే చూశాను. ఇంతా చేసి, అవి వాడి వెంట పరుగెత్తుతుంటే లోపల అదే మంట. తగ్గలేదు. దాని మీద ఇప్పుడు సిగ్గు కూడా చేరింది.

డిసెంబరు చివర్లో పోస్టు ఎత్తేయమని ఆర్డరు వచ్చింది. రెండు పిల్లల్ని పిన్ని తీసుకుంటానంది. ఒకటి రొయ్యల చెరువు కాపలావాళ్లకు. ఒకటి నాగాయలంకకు, ఆపరేటరు ఇంటికి. "నీది గుడివాడే కదా, ఒకటి తీసుకెళ్లు," అని పంపకానికి ముందే అన్నాడు హవల్దారు. వద్దన్నాను.

చివరి ఉదయం ఎనిమిదింటికి సామాను ఎక్కించేశాం. ట్రక్కుకు ఇంకా అరగంట ఉంది. పిల్లలకు సముద్రం చూపిద్దామని ఆపరేటరు నాలుగింటినీ ఒడ్డుకు తీసుకెళ్లాడు. వాడి వెనకే వెళ్లాను. ఆటు సమయం. తడి ఇసుక మీద ఎర్రపీతలు. అక్కడ చెప్పేశాను. వెల్లకిలా పట్టుకున్నానని. డాక్టరుకు ఫోన్ చేయలేదని. ఎందుకు చేయలేదో కూడా.

వాడు సముద్రం కేసే చూస్తున్నాడు. "ముక్కు మీద పాలు చూశాన్లే అన్నా. ఆ రోజే తెలుసు."

"మరి నీ పొరపాటన్నావేంట్రా?"

"నీ మొహం చూశాక ఇంకేమంటాను? అప్పటికే నిలబడలేకపోతున్నావు." ఒక పిల్లను పీతల దగ్గర్నుంచి వెనక్కి లాగి అన్నాడు. "కోపం లేదని కాదు. వచ్చింది. మా పాప మొహం చూసినప్పుడల్లా దాని మొహం గుర్తొచ్చింది నాకు. కానీ నీకంటే ముందు నేనే దాన్ని ఎత్తుకుంటూ ఉండేవాణ్ని కదా. ఒక్క పూట కూడా నీకు మిగల్చలేదు."

గుడివాడ బస్టాండులో దిగేసరికి సాయంత్రం ఐదు. ఆటోలో ఇంటికి. స్నానం చేసి, నా భార్యకు మొత్తం చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి విన్నది.

"ఒకదాన్ని తీసుకురావాల్సింది," అంది.

"ఇస్తామంటే వద్దన్నాను."

"నేనైతే తెచ్చేదాన్ని," అని చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు ఒకే గింజను ఏరుతూ కూర్చుంది.

సర్వీసులోంచి వచ్చేసి ఆరేళ్లయింది. ఆపరేటరు ఇంకా ఫోన్ చేస్తాడు. వాడి కూతురు బడికి వెళ్తోంది. మంచుకొండలు మర్చిపోయాను. ఆ ఒడ్డు మర్చిపోలేదు.

ఆ ఉదయం ఒడ్డున మేం మాట్లాడటం ముగించగానే ఒక కెరటం అనుకున్నదానికంటే పైకి వచ్చింది. పిల్లలు నురగను చూసి మొరిగాయి. నురగ కాళ్లకు తగలగానే బెదిరి పరుగెత్తాయి. మూడు వాడి దగ్గరికి పరుగెత్తాయి. ఒకటి నా దగ్గరికి వచ్చింది. వచ్చి నా బూటు మీదకెక్కి కూర్చుంది.

"చూశావా? నీ దగ్గరికే వచ్చింది," అన్నాడు వాడు. నిజంగా సంతోషపడ్డాడు.

అది తడిసి వణుకుతూ, ఎత్తుకోమని తలెత్తి నన్నే చూస్తోంది. నా చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి.