కట్టుడుపళ్ల లోపలి గీతలు

నిశ్చయంగా తెలిసినవి మూడు. చిగురు పుండుపడటంతో పళ్ల డాక్టరు సలహా మేరకు నా పైవరుస కట్టుడుపళ్లను నాలుగు రోజులు స్నానాలగది అరలో, నీళ్ల డబ్బాలో ఉంచాను. ఐదో రోజు ఉదయం మూత తీస్తే అంగిలి భాగం నిలువుగా పగిలి ఉంది. ఆ నాలుగు రోజులూ తెల్లాపూర్‌లోని మా ఫ్లాట్‌లో ఉన్నది నేనూ, లింగంపల్లిలోని తన ఇంటికి రంగులు వేయిస్తూ నా దగ్గర దిగిన మా అక్కా మాత్రమే. అవి నా చేతిలోంచే జారిపడ్డాయన్నది మాత్రం విన్న మాట. చెప్పింది అక్క.

"మొన్న పొద్దుగాల నువ్వే కడుగుతుంటే సింకుల పడ్డయి గద చెల్లె! నేనే తీసి డబ్బాల ఏసిన. యాది లేదా?"

లేదు. పడిన చప్పుడు గానీ, అక్క అక్కడికి రావడం గానీ, ఏదీ లేదు.

ముప్పై ఏళ్లు మందుల కంపెనీ పరీక్షశాలలో పనిచేశాను. ఇద్దరు విడివిడిగా చూడనిదే ఏ అంకె మీదా సంతకం పెట్టలేదు. ఎవరైనా "అట" అంటే, అన్నదెవరని అడిగే మనిషిని. ఆ ఒక్క మాటను మాత్రం పరీక్షకు పెట్టలేదు. పొరపాటు అక్క మాటలో ఉండవచ్చన్న ఊహ కూడా రాలేదు. అది నా బుర్రలోనే ఉందని తేల్చుకున్నాను.

పుండు పూర్తిగా మానాకే సెట్టు తీసుకురమ్మన్నారు డాక్టరు. ఆ మూడు వారాలు మెత్తటి పప్పన్నంతో గడిపాను. స్టవ్ కట్టేసిన ప్రతిసారీ కాగితం మీద టిక్కు పెట్టాను. మా అపార్ట్‌మెంట్ల నీటిలో క్లోరిన్ చూసే పని ఎన్నేళ్లుగానో నాది. నా అంకెలను నేనే నమ్మలేక దాన్ని మరొకరికి అప్పగించాను. చివరికి జ్ఞాపకశక్తి పరీక్షకు గచ్చిబౌలిలోని ఒక దవాఖానకు వెళ్లాను. తోడు వచ్చింది అక్కే. బయట బెంచీ మీద నా చెయ్యి పట్టుకుని, "ఫికర్ చెయ్యకు చెల్లె, నేనున్న గద" అంది. లోపల డాక్టరు ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే నాలుగే చెప్పగలిగాను. ఈ వయసుకు బాగానే ఉందన్నారాయన. నాకు మాత్రం ఆ పోయిన మాటే మిగిలింది. అది "గొడుగు".

పుండు మానాక సెట్టు తీసుకెళ్లాను. పళ్ల డాక్టరమ్మ కోస్తా అమ్మాయి. పగిలిన ముక్కలను దీపం కింద తిప్పి చూసి, "లోపలివైపు ఎవరండీ అరగదీసింది?" అంది.

"కింద పడింది."

"పడితే పగులుతుందండి. ఇలా గీతలు పడవు కదా, చూడండి."

భూతద్దం అడిగి తీసుకున్నాను. చిగురుకు ఆనుకునే చోట సన్నని గీతలు, దగ్గర దగ్గరగా, అన్నీ ఒకే దిశలో ఉన్నాయి. ఏదో గరుకు రేకుతో ఓపిగ్గా రాకిన గుర్తులు.

ఇంటికి వచ్చి, బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ నాలుగు రోజుల ఫొటోలు వెతికాను. రెండో రోజున మా మేనమామ మనవడి గృహప్రవేశం జరిగింది. పుండు వల్ల నేను వెళ్లలేదు. అక్క తన పళ్ల సెట్టు రిపేరులో ఉందని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటానని చెప్పి వెళ్లింది. ఫొటోలో కొంగు లేదు. నోరారా నవ్వుతోంది. ముందు పన్ను కాస్త పక్కకు తిరిగి ఉంది. ఒకప్పటి నా సొంత పన్నులాగే ఉండాలని అడిగి మరీ పెట్టించుకున్న వంకర అది.

ఫోను ఆమె ముందు పెట్టాను. ఫొటో పెద్దది చేసి చూసింది.

"నలుగురిల బోసినోరుతోని ఎట్ల కూసోవాలె? ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లం, నోళ్లు గూడ ఒక్కతీరుగనే ఉంటయనుకున్న. జర బిగువైతే, నెయిల్ కట్టర్ రేకుతోని రాకిన. ఆడ సకినం కొరికిన, టక్కుమన్నది."

"సకినమా? బిగువు పళ్లతోనా?"

"అందరు తింటున్నరు మరి."

నవ్వు వచ్చేదే. రాలేదు.

"పగిలితే పగిలిందని చెప్పొచ్చు కదక్కా. నాకు మతి పోయిందని ఎందుకు చెప్పినవ్?"

"మతి పోయిందని నేనెప్పుడన్న? యాది లేదా అని అడిగిన, గంతే. నువ్వే దవాఖానకు ఉరికినవ్."

సెట్టు అతుకు పడి తిరిగి వచ్చింది. నీటి పరీక్ష కూడా మళ్లీ నా చేతికి వచ్చింది. అయినా ఇప్పటికీ ప్రతి సీసాకూ రెండేసిసార్లు అంకె చూస్తున్నాను.

తేలనిది ఒక్కటే. అబద్ధం ఎందుకు పుట్టిందో అర్థమైంది. సిగ్గు. కానీ ఆ బెంచీ మీద నా చెయ్యి తన చేతిలోనే ఉండగా, అక్క ఎందుకు నోరు విప్పలేదు? ఇంతవరకు అడగలేదు. ఆమె ఏం చెప్పినా సరిచూడటానికి దీనికి గీతలు లేవు, ఫొటో లేదు. ఉన్నది ఆమె మాట ఒక్కటే.