ప్రార్థన మధ్యలో వణికే కారు

తల నెరిసేదాకా మనలను ఎత్తుకుని మోసే దేవునికి స్తోత్రం. ఈ ఉదయం లేపినందుకు, మోకాళ్ళు ఇంకా వంగుతున్నందుకు, చెప్పుకోవడానికి ఒక మేలును జ్ఞాపకంలో నిలిపినందుకు ఆయన నామానికే మహిమ.

నిన్న వన్ టౌన్‌లో సరుకుల లారీ అడ్డం తిరిగి ట్రాఫిక్ ఆగిపోయింది. నా పక్కన ఆగిన పాత కారొకటి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ముందు సీట్లో ఒక పెద్దావిడ డాష్‌బోర్డు పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంది. దారి దొరికి వాళ్ళు వెళ్ళిపోయారు గాని, ఇల్లు చేరేదాకా నాకు మా మేనత్తే గుర్తొస్తూ ఉంది.

అత్తయ్య మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. మామయ్య పోయాక భవానీపురంలో ఇల్లూ, ఆయన కారూ ఆమెకు మిగిలాయి. ఆమెకు డ్రైవింగ్ రాదు, నాకు వచ్చు. అందుకని ఆదివారాలు ఆమెను చర్చికి తీసుకెళ్ళే పని నాది. ఆ కారులో మామయ్య పెట్టిన నియమం ఒకటుండేది: ముందు బండి స్టార్ట్ చేయాలి, ఆ తరువాతే ప్రార్థన. తన బ్యాటరీ సంగతి ఆయనకు బాగా తెలుసు. "స్తోత్రాలన్నీ చెప్పుకున్నాక బండి కదలకపోతే వీధిలో దేవుడికి చెడ్డపేరు" అనేవాడు. ఆయన పోయాక కూడా ఇంజన్ అలా నడుస్తూ ఉండగానే మేము కళ్ళు మూసుకునేవాళ్ళం. అత్తయ్య ప్రార్థన చిన్నది కాదు. పాస్టరుగారితో మొదలుపెట్టి, సంఘ పెద్దల మీదుగా గుడివాడలో చెల్లెలి కుటుంబాన్ని, ఉయ్యూరులో పెళ్ళి కుదరని పిల్లను, ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో రాత్రి డ్యూటీలు చేసే మరిది కొడుకును పలకరించి, చివరికి పొలాలకు కాలవ నీళ్ళు అడిగి గాని ఆమెన్ అనేది కాదు.

ఆమె నడుముకు ఆపరేషన్ అయింది. కోలుకుని మళ్ళీ చర్చికి బయలుదేరిన మొదటి ఆదివారమే, ప్రార్థన మధ్యలో కారు వణకడం మొదలుపెట్టింది. ఒక కన్ను తెరిచి, "కాలు ఊపుతున్నావా ఏంటే?" అంది. నేను కాదు, కారే. కదిలాక తగ్గింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఒకసారి ఉంది, ఒకసారి లేదు. ఆ వణుకు సీట్లోంచి నేరుగా ఆమె వెన్నులోకి ఎక్కేది. రెండు ఆదివారాలు ఇంటి గేటు దగ్గరే దిగి లోపలికి వెళ్ళిపోయింది. పాస్టరుగారు ఇంటికే రొట్టె, ద్రాక్షారసం తెచ్చి ఇచ్చారు. "మంచం మీద ఒక్కదాన్నే పుచ్చుకుంటే మందు మింగినట్టుందే. ప్రభువు బల్ల అంటే నలుగురి మధ్యా ఉండాలి" అంది అత్తయ్య ఆయన వెళ్ళాక. ఆటో కుదుపులు డాక్టరు వద్దన్నాడు. క్యాబు పిలుస్తానంటే, "నా ప్రార్థన అయ్యేదాకా అతను ఆగుతాడా? సగంలో ఆమెన్ అనమంటావా?" అని గద్దించింది. వచ్చే నెల మొదటి ఆదివారం, సంఘమంతా కలిసి ఆ రొట్టె, రసం పుచ్చుకునే బల్ల ఆరాధన. దానికి కూడా రాలేకపోతే ఇక తనను పిలవొద్దనీ, టీవీలోనే వాక్యం వింటాననీ తేల్చి చెప్పేసింది. ఆమె అన్నమాట మీద నిలబడే మనిషి. నేనూ ఆ వంశమే కదా, ఆ ఆదివారంలోగా వణుకు సంగతి తేలుస్తానని పట్టుబట్టాను.

ఆటోనగర్ మెకానిక్ మంచివాడు. ప్లగ్గులు మార్చాడు. గాలి వెళ్ళే దారి శుభ్రం చేశాడు. ఇంజన్ కింద దిమ్మల్లా ఉండే రబ్బర్లు అరిగాయేమోనని అవీ మార్చాడు. పని అయ్యాక స్టార్ట్ చేస్తే ఇంజన్ మీద గ్లాసు నీళ్ళు పెట్టినా తొణకవు. "చూడండి మేడం, పసిపిల్లలా నిద్రపోతోంది" అనేవాడు. ఇంటికి తెచ్చి అత్తయ్యను కూర్చోబెట్టి ప్రార్థనకు తల వంచితే పసిపిల్ల లేచేది. మా సంఘ పెద్ద ఒకాయన పెట్రోలు బంకు మార్చమన్నారు. ఇంకొకాయన బండి మీద నూనె రాసి ప్రార్థిస్తానన్నారు. ప్రార్థన వద్దనను గాని, దేవుడు కళ్ళిచ్చాక చూడకుండా మొక్కడం నాకు చేతకాదు. ప్రభువు గాయంలో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్న శిష్యుడి మీద నాకెప్పుడూ కాస్త అభిమానమే.

శనివారం మధ్యాహ్నం కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ప్రార్థనలో గుడివాడ చెల్లెలి దగ్గర కారు ఎప్పుడూ వణకలేదు. ఉయ్యూరు పిల్ల దగ్గరా వణకలేదు. ప్రతిసారీ ఇబ్రహీంపట్నం చేరేసరికే మొదలయ్యేది. అంటే స్టార్ట్ చేసిన కాసేపటికి, ఇంజన్ వేడెక్కాక, ఏదో ఒకటి మొదలవుతోంది. మెకానిక్ దగ్గర చల్లారిన బండి అంతసేపు నిలబడి నడవడం లేదు. కొంగు నడుముకు బిగించి, బానెట్ ఎత్తి, బండి స్టార్ట్ చేసి, అత్తయ్యకు వరండాలో కుర్చీ వేశాను.

"ఎప్పటిలాగే ప్రార్థన చెయ్యత్తయ్యా. తొందరపడకు."

"ఓసి నీ అసాధ్యం! దేవుణ్ణి గడియారం చేస్తావటే?"

"రేపు బల్ల దగ్గరికి రావాలా, వద్దా?"

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, ముసుగు వేసుకుని కళ్ళు మూసుకుంది. ఒకసారి మొదలుపెట్టాక అది పరీక్ష కాదు, నిజం ప్రార్థనే. ఇంజన్ నెమ్మదిగా, మర్యాదగా తిరుగుతోంది. ఆమె ఇబ్రహీంపట్నం వాడి రాత్రి డ్యూటీల దగ్గరికి వచ్చింది. రేడియేటర్ వెనక ఫ్యాను బుర్రున లేచింది, కారు మొత్తం గజగజలాడింది. అత్తయ్య ఆమెన్ అన్నాక బండి ఆపాను. ఫ్యాను నిలిచాక చూద్దును కదా, ఒక రెక్క లేదు! పాత ప్లాస్టిక్, ఎప్పుడో విరిగి కింద రేకు మీద పడి ఉంది. రెక్క తక్కువైన ఫ్యాను ఒంటికాలి మనిషిలా గెంతుతూ తిరుగుతోంది. నమ్మకం కోసం మళ్ళీ స్టార్ట్ చేసి ఏసీ వేశాను. దాంతో ఫ్యాను వెంటనే తిరుగుతుంది. వెంటనే వణుకు. నడుం నొప్పని ఆమె ఏసీ ఎప్పుడూ వేయనివ్వదు కాబట్టి ఇన్నాళ్ళూ అది తెలియలేదు. ఫోన్ చేస్తే మెకానిక్ పెద్దగా నవ్వి, "మీ అత్తయ్యగారిని మా షెడ్డుకి పంపించండి మేడం" అన్నాడు. సాయంత్రానికి వచ్చి కొత్త ఫ్యాను బిగించి వెళ్ళాడు.

ఆదివారం ప్రార్థన కాలవ నీళ్ళ దాకా వెళ్ళింది. కారు ఉలకలేదు, పలకలేదు. చర్చిలో పాస్టరుగారు పిలిచినప్పుడు అత్తయ్య చేతికర్ర నా చేతికిచ్చి ముందుకు నడిచింది. మోకరించలేక నిలబడింది. అది చూసి అటూ ఇటూ మోకరించబోయిన ఆడవాళ్ళు కూడా లేచి, ఆమె భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. తిరిగి వచ్చి కూర్చున్నాక ముసుగుతో కళ్ళు ఒత్తుకుని నా చెవిలో, "ఇవాళ రుచి తెలిసిందే" అంది.

ఆ తరువాత ఆమెకు ప్రభువు ఇచ్చిన మొదటి ఆదివారాలు ఎన్నో లేవు. వయసు మనిషిని నలుగురి మధ్య నుంచి అడుగు అడుగూ వెనక్కి జరుపుతుంది, ఆ మనిషిని మళ్ళీ ముందుకు తెచ్చుకునే కాలం మాత్రం కొంచెమే. మీ ఎరుకలో గేటు దాకా వచ్చి ఆగిపోయిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ పేరు తలచుకుని ఈ క్షణం నాతో కలిసి ప్రార్థించండి.