గేదె దగ్గర నేనుంటానన్న మావయ్య

టైలర్ మావయ్య పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బాపట్లలో, మా బడి వరండాలో ఉన్నాను. చేసింది ఆయన కూతురు. "అక్కా, నాన్న పొద్దున పోయారక్కా. సాయంత్రం నమాజు తర్వాత తీసుకెళ్తారు" అంది. "అలాగేనమ్మా" అన్నాను, ఎవరో పెళ్ళికి పిలిస్తే అన్నట్టు. లోపలికి వెళ్ళి, సగంలో ఆపిన లెక్క పూర్తి చేశాను. పిల్లలందరూ నోటుబుక్కుల్లో ఎక్కించుకునేదాకా బోర్డు పక్కనే నిలబడ్డాను. ఆ తర్వాత హెడ్మాస్టరుగారిని సెలవు అడిగి స్టేషనుకి నడిచాను. ఇది రాస్తున్న ఇప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు.

మీలో ఎక్కువమందికి ఆయన తెలియరు. తెనాలి మార్కెట్టు వెనక సందులో చిన్న కుట్టు దుకాణం ఆయనది. వరదలకీ తుపాన్లకీ మసీదు తరఫున వండి తీసుకెళ్ళే నలుగురైదుగురిలో ఆయన ఒకరు. మాది రేపల్లె దగ్గర కృష్ణలో ఒక లంక. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మకి మిగిలింది నేనూ, ఒక చూడి గేదే. దాని పేరు గౌరి.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు పెద్ద వరద వచ్చింది. మధ్యాహ్నానికి నీళ్ళు మా పెరట్లోకి వచ్చేశాయి. జాలర్ల పడవలు మనుషుల్ని కరకట్ట మీది బడికి చేరవేస్తున్నాయి. అన్నం గిన్నెలతో కట్ట దాకా వచ్చిన మావయ్య, సాయం పట్టడానికి ఒక పడవెక్కి మా లంకలోకి వచ్చారు. అదే నేను ఆయన్ని మొదటిసారి చూడటం. పంట్లాం మోకాళ్ళదాకా మడిచి ఉంది, మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతూ ఉంది. దుకాణంలోంచి అలాగే వచ్చేసినట్టున్నారు.

అమ్మ పడవెక్కనంది. పెరటి వెనక దిబ్బ మీద గౌరి తాడు పట్టుకుని కూర్చుంది. "ఇది పోతే మేం బతికి చేసేదేంటి?" అంది. పడవ మనిషి అరిచాడు. నేను ఏడ్చాను. అమ్మ కదల్లేదు.

మావయ్య దిబ్బెక్కి అమ్మ ఎదురుగా కూర్చున్నారు.

"చెల్లెమ్మా, గేదె దగ్గర నేనుంటాను. నువ్వు పిల్లని తీసుకుని వెళ్ళు."

"మీరా? మీకు గేదెల సంగతి తెలుసా అండీ?"

"ఏమీ తెలియదమ్మా. నువ్వు చెప్పి వెళ్ళు."

అమ్మ తాడు పట్టుకునే లేచింది. "భయపడితే మెడ కింద నిమరండి. పేరు పెట్టి పిలవండి" అని చెప్పి, తాడు ఆయన చేతికిచ్చింది. పడవ కదిలాక నేను వెనక్కి చూశాను. ఆయన మమ్మల్ని చూడటం లేదు. గౌరితో ఏదో మాట్లాడుతున్నారు.

పశువులకని పంటు, అంటే పెద్ద బల్లకట్టు, దొరికింది మర్నాడు మధ్యాహ్నానికి. అమ్మా నేనూ దాని మీదే వెళ్ళాం. దిబ్బ మీద కూడా నీళ్ళు. ఆయన మోకాళ్ళ లోతులో, రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. "నాకంటే ఇదే ధైర్యంగా ఉందమ్మా" అన్నారు. తాడు విడిపించుకోవాలంటే ఆయన వేళ్ళు వెంటనే తెరుచుకోలేదు. అమ్మ ఒక్కొక్క వేలూ విప్పింది. ఆ రోజు నుంచి అమ్మకి ఆయన అన్నయ్యగారు, నాకు మావయ్య.

ఆ తర్వాత ఆయన మమ్మల్ని వదల్లేదు. ఏటా వానలు ముదిరేలోగా ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన అయ్యేవేళకి లంకకి వచ్చేవారు. పాస్టరుగారిని అడిగి గంట కొట్టించేవారు. గంట వినగానే ఊరంతా కట్టెక్కాలి. ఏ ముసలమ్మని ఎవరు ఎత్తుకోవాలో, ఏ పశువుని ఎవరు తోలాలో ముందే చెప్పి పెట్టేవారు. తన వాచీ చూసుకుంటూ కట్ట మీద నిలబడేవారు. మొదటి ఏడాది అందరూ నవ్వారు.

"ఏంటండీ సాయిబుగారూ, నీళ్ళు లేకుండానే పరిగెత్తమంటారు?" అంది మా పక్కింటి పెద్దమ్మ.

"నీళ్ళుంటే పరిగెత్తలేం కదమ్మా" అన్నారాయన.

టార్పాలిన్ ముక్కలతో ఇంటికొకటి చొప్పున సంచులు కుట్టి తెచ్చారు. ఆధార్ కార్డూ పాస్‌బుక్కూ అందులో పెట్టి మెడలో వేసుకోవాలి. "నీళ్ళు దిగాక ఆఫీసువాళ్ళు మొదట అడిగేది కాగితమేనమ్మా" అనేవారు. అన్నం పొట్లాల మీద మసీదు పేరు వేయించమని ఎవరో సలహా ఇస్తే, "తిన్నాక కాగితం బురదలో పడేస్తారు. ఆ పేరు నలుగురూ తొక్కాలా?" అన్నారు. వంట దగ్గర మాత్రం చాదస్తం. చల్లారిన అన్నం పంపనిచ్చేవారు కాదు. "అన్నం పెట్టావా అని కాదు, వేడిగా పెట్టావా అని అడుగుతాడు అల్లా" అనేవారు.

మొన్నటి వరదకి ఆయన రాలేకపోయారు. తెనాలిలో మంచం మీద నుంచే ఫోన్ చేసి పాస్టరుగారితో గంట కొట్టించారు. నీళ్ళు వచ్చేసరికి లంకలో ఒక్క మనిషి లేడు, ఒక్క పశువూ లేదు. అమ్మ తన గేదెల్ని వేరే వాళ్ళ చేతికిచ్చి, అందరికంటే ముందు కట్టెక్కింది. ఆ సంగతి చెబితే ఫోన్లో ఆయన, "చెల్లెమ్మ ఎక్కిందా? నిజంగా ఎక్కిందా?" అని రెండుసార్లు అడిగారు. ఎందుకంతగా అడిగారో నాకప్పుడు తెలియలేదు.

నేను తెనాలి చేరేసరికి అమ్మ రేపల్లె బండిలో వచ్చేసి, ఆడవాళ్ళ మధ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అత్తయ్య, అంటే ఆయన భార్య, నన్ను చూసి వంటింట్లోకి తీసుకెళ్ళింది. మంచినీళ్ళిచ్చింది. నేను ఏదో ఒకటి అడగాలని, "కాలు బాగా బాధపెట్టిందా అత్తయ్యా?" అన్నాను. ఆయన చాలా ఏళ్ళుగా కుంటేవారు. మిషన్ తొక్కి తొక్కి అరిగిపోయిందని నవ్వేవారు.

"మిషనేంటమ్మా!" అంది అత్తయ్య. "మీ దిబ్బ మీద నీళ్ళలో నిలబడ్డప్పుడు ఇనుప ముక్కేదో దిగింది. షుగరు మనిషి. ఆర్నెల్లు మానలేదు. రెండు వేళ్ళు తీసేశారు."

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"వద్దన్నారు. తెలిస్తే మీ అమ్మ ఈసారి గేదెని ఎవరి చేతుల్లోనూ పెట్టదు, అక్కడే ఉండిపోతుంది అన్నారు. నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇప్పుడాయనే లేరు కదా, నీకు చెప్పేశాను. మీ అమ్మకి చెప్పాలో వద్దో నువ్వే చూసుకో."

బయటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. "ఏంటే, ఏమంటోంది వదిన?" అని అడిగింది అమ్మ. ఆమెకి అరవై దాటాయి. ఇంకా లంకలోనే ఉంటుంది, ఇంకా రెండు గేదెలున్నాయి.

"ఏం లేదమ్మా. మంచినీళ్ళిచ్చింది" అన్నాను.

సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళారు. ఆడవాళ్ళం మేడ మీదికి వెళ్ళాం. అక్కడినుంచి మసీదు ముందు ఖాళీ స్థలం కనిపిస్తుంది. తెల్ల టోపీల వరసలు. వాటి వెనక, మరో రెండు వరసలు. మా లంక మగవాళ్ళు రెండు ట్రాక్టర్ల మీద వచ్చారు. టోపీలు లేక భుజం మీది తువ్వాళ్ళు తలలకి చుట్టుకున్నారు. చెప్పులు విప్పాలా వద్దా అని ఒకరి మొహాలొకరు చూసుకుని, విప్పేశారు. పాస్టరుగారు కూడా ఆ వరసలోనే ఉన్నారు. ముందువాళ్ళు చేతులు కట్టుకుంటే చూసి వాళ్ళూ కట్టుకున్నారు, కొంచెం ఆలస్యంగా, ఒకరి తర్వాత ఒకరు.

నమాజు అయిపోయింది. ముందు వరసలు విడిపోయి కదిలాయి. వెనక రెండు వరసల వాళ్ళకి అయిపోయిందని తెలియలేదు. ఎర్రవీ పచ్చవీ గళ్ళ తువ్వాళ్ళు తలలకి చుట్టుకుని, చేతులు కట్టుకుని, ఆ ఖాళీ స్థలంలో అలాగే నిలబడి ఉన్నారు.