పిచ్చుకల పెట్టెకు చోటు

చిక్కమునియప్ప మూడు రోజులపాటు గోడలకు జ్వరం చూశాడు.

మధ్యాహ్నం మూడింటికి, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఆ అపార్ట్‌మెంట్ల వాళ్ళంతా ఏసీ గదుల్లో మీటింగుల్లో మునిగి ఉన్న వేళ, ఆ తోటమాలి ఒక్కో గోడ దగ్గరికీ వెళ్ళి, పసిపిల్ల నుదుటికి ఆనించినట్టు చెయ్యి వెనక్కి తిప్పి ఆనించేవాడు. క్లబ్ హౌస్ పడమటి గోడ చెయ్యి కాల్చింది. గేటు పక్క గోడ పర్వాలేదు గానీ అక్కడ రోజంతా హారన్ల మోత. ఈతకొలను గోడ చల్లగానే ఉంది, కానీ పక్కనే పూలకుండీల మెట్లు పిల్లికి నిచ్చెన వేసినట్టున్నాయి. చివరికి నీళ్ళ ట్యాంకు గది తూర్పు గోడ నచ్చింది. పొద్దుటెండ రెండు గంటలు, ఆ తర్వాత నీడ. సజ్జా ముందుకొచ్చి ఉంది కాబట్టి వాన జల్లు కొట్టదు. పిల్లి పాకడానికి పట్టు లేదు. ఒక్కటే లోపం, కింద చెత్త డబ్బాలు వరసగా ఉంటాయి. అది మనుషులకు లోపం. పిచ్చుకలకు మాత్రం మేలే, చెత్త ఉన్నచోట పురుగులుంటాయి, పిల్లలకు మేత దగ్గర.

ఇంత ఆరాటం ఎందుకంటే, ఆ ఆవరణ మొత్తంలో మిగిలింది ఒకే ఒక్క పిచ్చుకల జంట. వెనక మూలనున్న పాత మోటారు గది గోడ బొక్కలో అవి ఏటా పిల్లల్ని లేపేవి. ఆ గది చిక్కమునియప్ప వాళ్ళ నాయన కట్టించింది. ఈ నేల మీద రాగులు, అనపకాయ పండించిన ఇల్లు వాళ్ళది. అన్నదమ్ములు పంచుకుని, అమ్ముకుని, తిని కూర్చున్నాక ఆయన వంతుకు మిగిలింది ఇదే నేల మీద తోటపని. దానికి ఆయన ఏడ్చే రకం కాదు. అరవై రెండేళ్ళు వచ్చాయి, ఏడిస్తే ఎవరు చూస్తారు? కానీ కార్లకు కరెంటు ఎక్కించే చోటు కోసం ఆ గదిని కొట్టేస్తున్నారని తెలిసినప్పుడు మాత్రం నేరుగా అసోసియేషన్ ఆఫీసుకు వెళ్ళాడు.

"గది పోతే పోనీ మేడం. ఆ గుబ్బచ్చిలు యాడికి పోతాయి?" అని అడిగాడు. పిచ్చుకను ఆయన ఇంట్లో అట్లాగే అంటారు. అడగకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

సెక్రటరీ శ్వేతకు ఆ మాట భలే నచ్చింది. పెట్టె చేయించి పెడదామంది. మూడో బ్లాకు హేమంత్‌కుమార్ నేను చేయిస్తానని ముందుకొచ్చాడు. ఆయన తండ్రి కిందటేడు పోయాడు. హిందూపురంలో ఉన్నన్నాళ్ళూ ఆ పెద్దాయన పిట్టల కోసం వసారాలో వరికంకుల కుచ్చు వేలాడదీసేవాడట. కొడుకు ప్రేమలో అబద్ధమేమీ లేదు. కాకపోతే మనవాళ్ళకు ఒక అలవాటుంది. గుడికి ట్యూబులైటు ఇస్తే దాని మీద తండ్రి పేరు రాయిస్తాం, వెలుతురులో సగం ఆ అక్షరాలే మింగేస్తాయి. అట్లాగే టేకు పెట్టె వచ్చింది, పైన రేకు కప్పుతో. ముందువైపు తళతళలాడే స్టీలు పలక, దాని మీద పెద్దాయన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ.

చిక్కమునియప్ప ఇద్దరినీ ట్యాంకు గది దగ్గరికి తీసుకెళ్ళి తన గోడ చూపించాడు. హేమంత్‌కుమార్ మొహం చిన్నబోయింది.

"చెత్త డబ్బాల పైనా? మా నాన్న పేరా? ప్లీజ్ మునియప్ప గారూ, మా అమ్మ చూడ్డానికి వస్తుంది."

"పేరు గేటుకాడ పెట్టుకోండి సార్. గూడు ఈడుండనీ. గుబ్బచ్చికి చదువొస్తాదా?"

శ్వేత నవ్వలేదు. "ఇక్కడ పెడితే ఎవరికి కనిపిస్తుంది మునియప్పా? వాకింగ్ ట్రాక్ ఎదురుగా క్లబ్ హౌస్ గోడకి పెట్టు. పిల్లలు చూసి నేర్చుకుంటారు."

"అది పడమటి గోడ మేడం. మధ్యాన్నం చెయ్యి పెట్టి చూడండి, బొబ్బలెక్కుతాది. ఎవురికీ కనపడని తావే దానికి మంచిది."

"నువ్వు మొక్కల సంగతి చూసుకో. పెట్టె ఎలా పెట్టాలో అంతా నెట్‌లో ఉంది, నేను చదివాను."

ఉంది, నిజమే. ఎండ తగలని చోట పెట్టమని కూడా ఉండే ఉంటుంది. అంతదాకా చదివే తీరిక ఆమెకు దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్య పిల్లమ్మకు చెప్పుకున్నాడు. ఆమె అదే ఆవరణలో నాలుగిళ్ళలో గిన్నెలు తోముతుంది. "నీ పని పోతే గుబ్బచ్చిలొచ్చి పెడతాయా నీకు కూడు? చెప్పిన చోట మేకు కొట్టి రాయ్యా, ఊరకే సుమ్మనే బేజారు పెట్టుకోవద్దు," అంది. మర్నాడు కొట్టాడు.

మార్చి మొదట్లో మోటారు గది ఒక్క పూటలో నేలమట్టమైంది. రెండు రోజులు ఆ జంట ఇటుకల కుప్ప మీద తిరిగింది. మూడో రోజు గడ్డిపోచ నోట కరుచుకుని మగపిచ్చుక క్లబ్ హౌస్ పెట్టెలో దూరింది. వాట్సాప్ గ్రూపు ఫొటోలతో నిండిపోయింది. "చూశావా మునియప్పా, వద్దన్నావు, వాటికి ఎంత నచ్చిందో!" అంది శ్వేత. దిక్కులేక చేరినవాటిని చూసి ఇష్టపడి వచ్చాయనుకోవడం సుఖంగా ఉన్నవాళ్ళకు బాగా తెలిసిన విద్య. చిక్కమునియప్ప కూడా ఆ ఆవరణలోకి అట్లా చేరినవాడే. అయినా ఆయన తన మాటే తప్పు కావాలని కోరుకున్నాడు, మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

ఏప్రిల్లో పెట్టెలోంచి కిచకిచలు మొదలయ్యాయి. ఎండలూ ముదిరాయి. ఆయన ఒక గోనెసంచి తడిపి పన్నెండింటి నుంచి ఐదింటిదాకా పెట్టె మీద కప్పేవాడు, పిట్టలు వచ్చిపోయే రంధ్రం మాత్రం వదిలి. ఆరిపోగానే మళ్ళీ తడిపేవాడు. భోజనం కూడా ఆ గోడ పక్కనే. పిల్లలు మూడు. ఇంకో ఐదు రోజులు గడిస్తే ఎగిరిపోతాయని లెక్కేసుకున్నాడు.

సరిగ్గా ఆ లెక్క వేసుకున్న ఆదివారమే హేమంత్‌కుమార్ తండ్రి సంవత్సరీకం.

"అమ్మ వాళ్ళు వస్తున్నారు. ఈ ఒక్కరోజు ఆ గోనె తీసెయ్యండి, నాన్న పేరు కనపడట్లేదు," అన్నాడు.

"ఐదు దినాలు సార్. ఐదు దినాలైతే మీ ఇష్టం."

"ఒక్క మధ్యాహ్నానికి ఏమీ కాదులే," అంది పక్కనే ఉన్న శ్వేత.

చిక్కమునియప్ప నోటితో వద్దన్నాడు, చేత్తో తీశాడు. తర్వాత ఆయన్ని తినేసింది ఆ రెండో సంగతే.

పన్నెండింటికి తీసిన గోనె తడిపి చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. చుట్టాలు రాలేదు. ఒంటిగంటకు ఫోన్ చేసి అడిగితే, "దిగుతున్నాం, ఐదు నిమిషాలు," అన్నాడు హేమంత్‌కుమార్. రెండింటికీ ఆ ఐదు నిమిషాలే. పైన ఆయన ఫ్లాటులో భోజనాలు సాగుతున్నాయి. కప్పేద్దామని రెండుసార్లు గోడదాకా వెళ్ళాడు. సెక్యూరిటీ వాడు చూస్తున్నాడు, కెమెరా చూస్తోంది, పిల్లమ్మ మాట చెవిలో ఉంది. వెనక్కి వచ్చాడు. గోనె చేతిలోనే ఆరిపోయింది.

మూడింటికి పెట్టెలో కిచకిచలు ఆగాయి. ఆడపిచ్చుక పచ్చటి పురుగును పట్టుకుని లోపలికి వెళ్ళింది, ఆ పురుగుతోనే బయటికొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అట్లాగే వచ్చింది. నాలుగోసారికి చిక్కమునియప్ప తల తిప్పుకున్నాడు.

నాలుగు దాటాక చుట్టాలు దిగారు. హేమంత్‌కుమార్ తల్లి ఆ స్టీలు పలకను తాకబోయి, కాలడంతో చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "మీ నాయన పోయినాక కూడా పిట్టలకు నీడ ఇచ్చినాడు కదప్పా," అంది.

"లోపల పిల్లలున్నాయి కదా మునియప్ప గారూ? అమ్మకి వినిపించాలి," అన్నాడు కొడుకు.

చిక్కమునియప్ప ఆ ముసలామె మొహం చూశాడు. ఆమెను ఏమనగలడు?

"ఉండాయి సార్. నిద్రపోతుండాయి."

అందరూ గొంతు తగ్గించి, మడమలెత్తి నడుస్తూ ఫొటోలు తీసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన పెట్టె విప్పి, మూడింటినీ ట్యాంకు గది పక్కన మట్టిలో పెట్టాడు. ఆ జంట మళ్ళీ కనబడలేదు. గ్రూపులో శ్వేత ఒక ముక్క రాసింది, తోటమాలి సరిగా చూసుకోకపోవడం వల్ల ఇలా జరిగిందని, ఇకమీదట శిక్షణ ఇప్పిస్తామని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు ముప్పై దాకా వచ్చాయని పిల్లమ్మకు ఆమె పనిచేసే ఇంటివాళ్ళెవరో చూపించారు. హేమంత్‌కుమార్ రెండు రోజులు ఆయనకు ఎదురుపడకుండా తిరిగి, మూడో రోజు వచ్చి తల వంచుకుని, "నాన్న పేరున్న పెట్టె, పారెయ్యలేను," అన్నాడు.

కమిటీ కూర్చుని దానికి ఇంకో చోటు చూసింది. క్లబ్ హౌస్ హాల్లో, ఏసీ కింద, తలుపులోంచి రాగానే కనబడే గోడ. మేకు, సుత్తి పట్టుకుని చిక్కమునియప్ప స్టూలెక్కాడు. అలవాటుకొద్దీ చెయ్యి వెనక్కి తిప్పి గోడకు ఆనించాడు. చల్లగా ఉంది. ఎండ రాదు. వాన రాదు. పిల్లికి అందదు.

"ఇప్పుడు సరైన చోటేనా మునియప్పా? ఈసారి నిన్ను అడిగే పెట్టిస్తున్నాం," అంది శ్వేత కింద నుంచి.

"సరైన తావే మేడం," అన్నాడాయన. "గుబ్బచ్చికి ఇంతకంటే మంచి తావు దొరకదు."

మేకు కొట్టి, పెట్టె తగిలించి, పేరు వంకర లేకుండా సరిచేసి కిందికి దిగాడు.