కింద నుంచి ఒక్కసారి

2022. దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో, గోడౌన్ల మధ్య ఒక చిన్న సినిమా హాలు. ప్రొజెక్షన్ టెక్నీషియన్‌గా అక్కడ నా పనులు మూడు: సినిమా లోడ్ చేయడం, బొమ్మ సరిచూడటం, శబ్దం సరిచూడటం. ఆ శనివారం వేయాల్సింది పాత ఫ్రెంచ్ నలుపు తెలుపు చిత్రం. ఊరూరా తిరిగే సర్కస్‌లో ఎత్తున ఊగే ఉయ్యాల కమ్మీల మీద ట్రపీజ్ ఆడే జంట, వాళ్ల మధ్యకు వచ్చిన మరొకడు, ఇదీ కథ.

ఆ మధ్యాహ్నం మాస్కింగ్ కుట్టడానికి సత్వా పేటలోని దర్జీ షాపు నుంచి షంషాద్ ఆపా వచ్చింది. మాస్కింగ్ అంటే బొమ్మ అంచులు తిన్నగా కనబడేందుకు తెర చుట్టూ కట్టే నల్లగుడ్డ. ఆమెది నెల్లూరు. వీసా క్యాన్సిలైంది, సాయంత్రమే చెన్నై విమానం. పోస్టర్ చూసి సూది ఆపింది.

"ఝూలా ఆట ఉండాదా ఇందులో?"

"ఉంది ఆపా. మీకు తెలుసా?"

"వయసులో సర్కస్‌లో ఎగిరినా అబ్బయ్యా. పట్టేది మా ఆయన. పోయినాడు. ఎగిరేదాన్ని నేనే గదా, కింద నుంచి ఎట్టుంటాదో ఎప్పుడూ చూళ్ళా. ఒక్కసారి చూపించవా?"

సినిమా మాకు డీసీపీగా, అంటే తాళం వేసిన డిజిటల్ ఫైళ్లుగా వస్తుంది. కేడీఎం అనే తాళంచెవి నిర్ణయించిన వేళకే దాన్ని తెరుస్తుంది. మాకిచ్చిన వేళ సాయంత్రం ఏడు. అప్పటికి ఆమె విమానంలో ఉంటుంది. ముందే తెరవమని పంపిణీదారుకు మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు, అదే ఆమెకు చెప్పాను.

"నీకంటే మా టెంటు కాడ టికెట్లోడు నయం. బతిమిలాడితే లోపలికి వదిలేవోడు."

ట్రైలర్‌కు తాళం ఉండదు. అది వేశాను. అమ్మాయి కమ్మీ వదిలింది, గాలిలో తిరిగింది, అవతలివాడి చేతులు ముందుకొచ్చాయి. అక్కడే తెర నల్లబడి పేరు పడింది.

"ఖలాస్? ఈడ కోస్తారా ఎవురైనా?"

"టికెట్లు తెగాలి కదా ఆపా."

"ఇంకోసారి వెయ్యి."

ఈసారి మొదటి వరసలో కూర్చుంది. తెర నల్లబడేసరికి ఆమె కుడిచెయ్యి ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంది.

"చేతులు పట్టుకోరబ్బయ్యా, చెమటకి జారతాయి. ఇదిగో, ఈడ పట్టుకుంటారు."

మూడోసారి అడగకముందే వేశాను. బయట ఆమెను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. మిగిలిన కుట్టు పూర్తిచేసి, దారం పంటితో కొరికి వెళ్లిపోయింది.

ఏడింటికి తాళం తెరుచుకుంది. ఎప్పుడూ పైనున్న ప్రొజెక్షన్ బూత్ కిటికీలోంచి చూసేవాణ్ణి, ఆ రోజు ఆమె కూర్చున్న సీట్లో కూర్చున్నాను. అవతలివాడు పట్టుకున్నాడు, మణికట్టు దగ్గరే. రెప్పపాటు, అంతే. ఆట అయ్యాక "పట్టుకున్నాడు ఆపా" అని వాయిస్ మెసేజ్ పెట్టాను. ఒకే టిక్కు పడింది, ఆమె ఫోన్‌కు చేరలేదు.

యంత్రం సరిగా నడుస్తోందో లేదో బూత్‌లోంచి తెలుస్తుంది. చూడవచ్చిన మనిషికి ఏం అందుతోందో అక్కడి నుంచి తెలియదు. అప్పటి నుంచి నా పనులు నాలుగు. నాలుగోది, హాలు తలుపులు తెరిచేముందు ఒక్కసారి కింద కూర్చుని చూడటం.