నేల పట్టినవాడు

నిజాం కాలంలో, దేవరుప్పుల పక్క పల్లెలో పెద్దులు నడిపిన సాముగరిడీ తాలీంలో ముందు నేర్పేది కర్ర కాదు, దండం. చెప్పులు బయట విడవాలి, లోపలి మన్ను తాకి కళ్లకద్దుకోవాలి, ఎదుటివాడికి తల వంచాలి. ఆ తర్వాతే కర్రసాము. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు మరొకటి ఉంది. కర్ర మొన నేలకు ఆనించి నిలబడ్డవాణ్ని కొట్టకూడదు. "నేల పట్టిండు" అన్నారంటే ఆట అయిపోయినట్టే. పెద్దులుకూ, అతని చెల్లెలి మొగుడు యాకయ్యకూ ఒకే ఉస్తాదు ఆ కట్టు నేర్పాడు. తొందరపాటున ఒకసారి తప్పినందుకు యాకయ్య చేత చాలా రోజులు తాలీం ఊడ్పించాడు కూడా.

దొరలను ఎదిరించే సంఘం ఊళ్లోకి వచ్చాక తాలీం మారింది. పెద్దులు మొండివాడే గానీ మూర్ఖుడు కాడు. పీర్ల పండుగకు దొర ఉండే గడీ ముందు సాము చేసి అతనికి సలాం కొట్టే ఆనవాయితీని తనే తీసేశాడు. అంతదాకా గోడవతల నిలబడి చూసినవాళ్లను లోపలికి పిలిచాడు. ఆడవాళ్లు కొంగు నడుముకు చుట్టి వస్తే వాళ్లకూ కర్ర ఇచ్చాడు. పెద్దమనుషులు ముక్కు విరిచారు. వాళ్ల ముక్కులతో తనకేం పనన్నాడు.

యాకయ్య మాత్రం గడీలో కావలివాడిగానే ఉండిపోయాడు. ఉన్న గుడిసె దొర భూమిలోది, తింటున్నది దొర పెట్టిన నౌకరి కూడు. అతన్ని తిట్టడం తేలిక కాబట్టి ఊరంతా తిట్టింది. పెద్దులూ తిట్టాడు, చెల్లెలి గడప తొక్కడం మానేశాడు.

ఆ ఎండాకాలం దొర మనుషులు వడ్లు గుంజుకుపోవడానికి కళ్లం మీద పడ్డారు. పెద్దులు శిష్యుల్లో మెత్తనివాడు ఓదెలు. గుంపు చుట్టుముట్టేసరికి కర్ర నేలకు ఆనించాడు. వచ్చినవాళ్లు పట్నం నుంచి దిగిన కిరాయి గూండాలు. వాళ్లకు కట్టేమిటి, మన్నేమిటి. అక్కడే తల పగలగొట్టారు.

దహనం అయ్యాక సంఘం పెద్ద సోమనర్సయ్య తాలీంకు వచ్చాడు.

"పెద్దులన్నా, నీ కట్టే వాన్ని సంపింది. గా కట్టు తీసెయ్యి."

"దండం తీసెయ్యమంటే తీసేస్త. చెప్పులతోటి వస్తమంటే రానిస్త. గిదొక్కటి ఉండనియ్యి. గిది పోతే ఇగ సాము గాదు, సంపుడే."

"ఇప్పుడు నడుస్తున్నది సంపుడే గదనే."

ఓదెలు తల్లి గడప దగ్గర కూర్చుని ఉంది. పెద్దులు ఆమె మొహం చూశాడు. మర్నాడు శిష్యులను నిలబెట్టి తన నోటితోనే చెప్పాడు.

"ఎదుటోడు నేల పట్టినా ఆగొద్దు."

ఆ రోజు మన్ను తాకకుండానే కర్ర అందుకున్నాడు.

వానలు పడ్డాక జనం గడీ మీదికి పోయారు. దొర అప్పటికే జారుకున్నాడు. దొరలెప్పుడూ జారుకుంటారు, దొరికేది కావలివాళ్లే. గేటు ముందు యాకయ్య ఒక్కడే ఉన్నాడు. ముందున్నవాళ్లు కాళ్లు పెట్టిన తీరు చూసి, వీళ్లు మన తాలీం వాళ్లేనని పోల్చుకున్నాడు. అతనికి ప్రాణం కుదుటపడింది. కర్ర మొన నేలకు ఆనించి తల వంచాడు.

వెనక ఉన్న పెద్దులు "ఆగుండ్రి" అని గొంతు చించుకున్నాడు. వాళ్లు ఆగలేదు. ఆగొద్దని నేర్పింది అతనే మరి.

శవాన్ని గుడిసెకు చేర్చింది కూడా పెద్దులే. చెల్లెలు లచ్చమ్మ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, అన్న వైపు చూసింది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. పెట్టినా బాగుండేది.

"మీ కట్టు మీరు మార్సుకున్నరు, మంచిదే," అంది. "ఆయనకు ఎవ్వరన్న చెప్పిన్రా, అన్నా?"