దూపైన కర్రకు ముందు నూనె

బోధన్‌లో మా మేనత్త ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందని గురువారం పొద్దున కబురొచ్చింది. సహోదరులారా, మీలో చాలామంది ఆమె టేకు స్తంభాల ఇంట్లో చాపల మీద కూర్చుని నా ప్రసంగాలు విన్నవాళ్లే. ఆ ఇల్లు ఇంకా నిలిచి ఉందంటే ఆమె చేతి లప్పం వల్లనే.

నిరుటి వానలకు స్తంభాలకూ గోడలకూ నడుమ సందుల్లోంచి జల్లు కొట్టి, ప్రార్థన మధ్యలోనే చాపలు తడిశాయి. ఈసారీ తడిస్తే కూలగొట్టి స్లాబు వేస్తానన్నాడు ఆమె కొడుకు. పోనీ సందుల్లో సిమెంటు కొడదామన్నాడు.

"కర్ర వానకు ఉబ్బుతది, ఎండకు గుంజుకపోతది. సిమెంటు నీ లెక్క మొండిది, కదల్దు. పగుల్తది కొడుకా," అన్నది అత్త.

ఎండలు ముదిరినప్పుడు మొదలుపెట్టింది. లప్పం కోసం సుద్దపొడిలో అవిసె నూనె పోసి జొన్నరొట్టె పిండిలా పిసికింది. వేళ్లకు అంటితే ఇంకాస్త పొడి, అంచు పగిలితే ఇంకాస్త నూనె కలిపింది. నేను ఒక ముద్ద తీసి సందులో కుక్కబోతే చేతి మీద ఒక్కటేసింది.

"ఆగు అల్లుడా! దూపైన కర్రకు ముందుగాల నూనె తాపాలె. లేకుంటే లప్పంల నూనెంత అదే తాగి, పొడి జేసి రాలగొడ్తది. నీ బోధ గూడ గంతే. ఆకలైనోళ్ల ముందల గొంతు సింపుకుంటవు. ముందు ఇంత బువ్వ వెట్టు. గీ సందులు సగం నీ కేకలకే వడ్డయి!"

నేను ఊరుకుంటానా? చేతిలో గ్రంథం ఉండనే ఉంది. జలప్రళయానికి ముందు ఓడకు లోపలా బయటా కీలు, అంటే తారు, పూయమని దేవుడే ఆజ్ఞాపించాడని గట్టిగా చదివి వినిపించాను.

"మరి బయట ఎవలు పూస్తరు? నిచ్చెన వట్టు," అన్నది.

పట్టాను. ఆ వారం నుంచే మా కూటాల్లో బువ్వ ముందు, బోధ తర్వాత. పరలోకపు మాట కడుపు నిండినవాడి చెవికే ఎక్కుతుందని ఇన్నేళ్ల నా ప్రసంగాలు నాకు నేర్పలేదు, ఆమె నేర్పింది.

సమాధి చేసి ఇంటికి రాగానే ఈ ఏటి మొదటి పెద్దవాన పట్టుకుంది. గాలి జల్లును గోడకేసి కొడుతోంది. మేమంతా చాపల మీద కూర్చుని సందుల వైపే చూస్తున్నాం. అత్త కొడుకు లేచి, స్తంభం స్తంభానికీ ఆగుతూ, ప్రతి సందునూ అరచేత్తో తడిమాడు. చివరి స్తంభం దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"అవిసె నూనె వాసనొస్తున్నదే, అవ్వా," అన్నాడు, తల్లి పక్కనే ఉన్నట్టు. ఆ అరచేతిలోనే ముఖం దాచుకుని, వాన వెలిసేదాకా అక్కడే నిలబడ్డాడు.